దిద్దుబాటులో ఇరుక్కుపోయిన కథ ఎట్లా కదిలింది

కొత్త కథ రాయలేకపోతున్నానంటే తోటి రచయితలు ధైర్యం చెప్తారు. రాసేసిన కథను దిద్దలేకపోతున్నానంటే మాత్రం ఎవరికీ ఎక్కదు. "రాసినవు గదా, ఇగ పంపరాదు" అంటుంది మా ఇంటామె. పంపాను. ఒక పత్రిక సంపాదకుడు దాన్ని వెనక్కి పంపుతూ ఒక్క ముక్క రాశారు: "రైతు కష్టం తెలుస్తోంది, రైతు తెలియడం లేదు." ఆ మాట నిజమేనని చదవగానే ఒప్పుకున్నాను. ఒప్పుకున్నంత మాత్రాన ఏం చేయాలో తెలిసిపోదు కదా. ఆ తర్వాత నెలల తరబడి ఆ కథ నా దగ్గరే ఉండిపోయింది. తను ముందుకు పోలేదు, నన్ను ఇంకో కథ మొదలుపెట్టనివ్వలేదు.

అది చివరికి ఎట్లా కదిలిందో వివరంగా రాయాలనుకున్నాను. మా వరంగల్‌లోనే మంచి కథలు రాయగలిగినవాళ్లు కొందరు సరిగ్గా ఈ దశలోనే కథను బీరువాలో పడేసి, ఇక రాయడమే మానేశారు. వాళ్ల కథలు నేను విన్నాను. అవి అట్లా ఆగిపోవలసినవి కావు.

నేను ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో లెక్కలు రాస్తాను. ఇల్లు కాశిబుగ్గలో. పత్తి, మిర్చి, పసుపు, మక్కలు, ఏ కాలానికి ఆ సరుకు. జనవరి చివర్నించి ఏప్రిల్ దాకా మిర్చిదే రాజ్యం. ఆ రోజుల్లో గేటు దాటకముందే ముక్కులో మంట మొదలవుతుంది. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, నర్సంపేట, పరకాల వైపుల నుంచి ట్రాలీలు, డీసీఎంలు రాత్రికి రాత్రే వచ్చి యార్డులో బస్తాలు దించుతాయి. తేజా, వండర్ హాట్, దీపిక, చపాటా, రకానికో ధర. చపాటాను మా దగ్గర టమాట మిర్చి అని కూడా అంటారు. లావుగా, గుండ్రంగా ఉంటుంది, కారం తక్కువ, రంగు ఎక్కువ. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

పొద్దున జెండా పాట ఉంటుంది. మంచి సరుకున్న ఒక కుప్ప దగ్గర వ్యాపారులు పాట పాడి ఆ రోజు పై ధర తేలుస్తారు. ఆ ధర ఆ కుప్పకే. మిగతావాళ్లకు సరుకు చూసి కిందికి కడుతూ పోతారు. తేమ ఉంటే తగ్గింపు, తాలు, అంటే రంగు పోయిన కాయ, ఉంటే తగ్గింపు. దడ్వాయి కాంటా వేసి తూకం చెప్తాడు, హమాలీలు మోస్తారు, ఆఖరికి కాగితం నా బల్ల మీదికి వస్తుంది. తక్‌పట్టీ, అంటే అమ్మిన సరుకు లెక్క చీటీ, రాసిచ్చేది నేనే. ఆ కాగితం అందుకునే చేతుల్ని రోజూ చూస్తాను కాబట్టే ఈ కథ రాయాలనిపించింది.

కథలో సాంబయ్య అనే కౌలు రైతు. ములుగు అవతల ఊరు. బస్తాలు తెస్తాడు, జెండా పాట విని ఆశపడతాడు, తన కుప్పకు బాగా తక్కువ కట్టేసరికి కుంగిపోతాడు. హనుమకొండ హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే కూతురు ఉందని మధ్యలో ఒక్క వాక్యంలో వస్తుంది. చివర ఇట్లా ఉండేది: "సాంబయ్య ఆకాశం వైపు చూశాడు. ఒక్క మబ్బు కూడా లేదు."

నా సమస్యంతా ఈ వాక్యం చుట్టే తిరిగింది. "మెల్లగా తలెత్తి చూశాడు" అని మార్చాను. మబ్బు తీసేసి చుక్కలు పెట్టాను. చుక్కలు తీసేసి కరెంటు స్తంభం మీద కాకిని పెట్టాను. ఏది పెట్టినా కథ అక్కడికి రాగానే చప్పబడేది. దాన్ని తీసేద్దామంటే కథకు ముగింపే లేదు, ఉంచుదామంటే మనసొప్పదు. రాత్రి భోజనం అయ్యాక ఫైలు తెరుస్తాను, మొదటి పేజీ నుంచి మొదలుపెడతాను, రెండు మాటలు అటూ ఇటూ జరుపుతాను, మూడో పేజీకి వచ్చేసరికి నిద్ర ముంచుకొస్తుంది. అట్లా మొదటి పేజీ నున్నగా తయారైంది, చివరి పేజీని ముట్టుకోనే లేదు. కొన్నాళ్లకు ఆ ఫైలు పేరు చూస్తేనే టెన్షన్ మొదలయ్యేది.

దిద్దేటప్పుడు వచ్చే ఈ ఆగిపోవడం అన్నిసార్లూ ఒకే రకంగా ఉండదు. ఒక్కోసారి భయం: ఉన్నంతలో బాగున్నది చేయి పెడితే చెడిపోతుందేమోనని. ఒక్కోసారి కథ నోటికి వచ్చేసి ఉంటుంది, కన్ను అక్షరాల మీద జారిపోతుంది తప్ప చదవదు. ఇంకోసారి మన రాత మీద మనకే విసుగు. నాకు ఈ మూడూ ఉన్నాయి. వాటికి తెలిసిన ఉపాయాలన్నీ చేశాను. జిరాక్స్ సెంటర్లో ప్రింటు తీయించి, అక్షరాలు పెద్దవి చేయించి, పెన్సిల్‌తో చదివాను. ఫోన్‌లో చదివి వినిపించే సౌకర్యం పెట్టుకుని భద్రకాళి బండ్ మీద నడుస్తూ విన్నాను. యంత్రం గొంతుకు మన మీద ప్రేమ ఉండదు కాబట్టి ఒకే మాట పక్కపక్క వాక్యాల్లో వస్తే చెవికి ఠక్కున తగులుతుంది. "ఒక్కసారిగా" అనేది పేజీకి నాలుగుసార్లు ఉందని అట్లానే దొరికింది. ఇవన్నీ మంచి పనులే, ఇప్పటికీ చేస్తాను. కానీ నా కథకున్న జబ్బు అది కాదు. మిర్చి ఆరకముందే తాలు ఏరడానికి కూర్చుంటే ఎంత ఏరినా పని తెగదు. వాక్యాలు దిద్దడం ఆఖరి పని, ముందు చేయాల్సింది వేరే ఉంది.

అది ఏమిటో తెలియడానికి గురజాడ కొంత సాయం చేశారు. హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం ఉంది, 1904లో పెట్టిన గ్రంథాలయం. ఆదివారాలు అప్పుడప్పుడు పోతుంటాను. అక్కడ ఒక పెద్దాయనతో మాట్లాడుతుంటే కన్యాశుల్కం సంగతి వచ్చింది. 1892లో నాటకం ఆడారు, 1897లో అచ్చయింది, పేరొచ్చింది. అంతటితో ఆగిపోతే ఎవరూ ఏమీ అనరు. అయినా గురజాడ దాన్ని మళ్లీ పట్టుకుని 1909లో దాదాపు కొత్త నాటకంగా తెచ్చారు. ఈ రోజు మనమంతా చెప్పుకునే కన్యాశుల్కం ఆ రెండోదే. మొదటిదాంట్లో మధురవాణి పాత్ర చిన్నది. రెండోదాంట్లో నాటకాన్ని నడిపేదే ఆమె. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే నాకు ఒక విషయం బాగా తగిలింది. ఆయన సంభాషణలకు మెరుగు పెట్టడంతో సరిపెట్టలేదు. ఒక మనిషిని కొత్తగా తెలుసుకున్నారు. ఆ మనిషి తెలిసేసరికి మిగతా నాటకమంతా ఆమె చుట్టూ జరగవలసి వచ్చింది.

మరి నా కథలో నాకు తెలియని మనిషి ఎవరు? ఆ ప్రశ్న పట్టుకుని ఇంటికొచ్చాను గానీ జవాబు నాకై నాకు దొరకలేదు. మా పెద్దమ్మ చెప్పింది.

పెద్దమ్మకు చదువు రాదు. చిన్నప్పటి నుంచి కూలికి పోయి మిరపకాయ ఏరిన మనిషి. ఒక సాయంత్రం ఆమెను కూర్చోబెట్టి కథంతా చదివాను. ఎట్లా ఉందని అడగొద్దని ముందే అనుకున్నాను. అడిగితే "మంచిగున్నది బిడ్డా" అంటుంది, ప్రేమ కొద్దీ. చదువుతూ ఆమెనే గమనిస్తూ పోయాను. యార్డు వర్ణన దగ్గర లేచి పాలు పొంగుతున్నాయేమో చూసొచ్చింది. జెండా పాట దగ్గర చేతిలోని చిక్కుడుకాయలు పక్కకు పెట్టింది. ఆకాశం దగ్గరికి వచ్చేసరికి కథ అయిపోయిందని ఆమెకు తెలియలేదు, "ఆ... సదువు" అంది.

"అయిపోయింది పెద్దమ్మా. ఇప్పుడు నువ్వు నాకు చెప్పు ఈ కథ" అన్నాను.

ఆమె చెప్పిన కథ ఇది: "సాంబయ్యకు బిడ్డ ఉన్నది. ఆ పిల్ల హన్మకొండల సదువుతాంది. ఆయిన మిరపకాయ పట్టుకొని మార్కెట్టుకచ్చిండు. ధర రాలె. గంతే గదా? మరి గంత దూరమచ్చినోడు బిడ్డను సూసి పోయిండా, ఉత్తగనే పోయిండా?"

నేను ఒక్క వాక్యంలో విసిరేసిన కూతుర్ని ఆమె కథ మొదట్లో పెట్టింది. నేను పేజీన్నర రాసిన వర్ణన ఆమె కథలో లేనే లేదు. ఎనుమాముల నుంచి హనుమకొండ ఎంత దూరం? ఆటో ఎక్కితే కాసేపు. మరి సాంబయ్య పోయాడా లేదా? నాకు తెలియదు. అతని గురించి నాకు తెలియని చోట తల పైకెత్తించి ఆకాశం చూపించాను. ఎన్ని మార్పులు చేసినా ఆ వాక్యం కదలకపోవడానికి కారణం అక్కడుంది. తెలియనిదాన్ని ఎంత చక్కటి మాటలతో రాసినా తెలిసినట్టు కాదు.

ఎవరికైనా కథ వినిపిస్తే తిరిగి చెప్పించుకోవడం అప్పటి నుంచి అలవాటు చేసుకున్నాను. వాళ్లు వదిలేసినవి, ముందుకు తెచ్చినవి, చివర అడిగినవి, ఈ మూడూ రాసిపెట్టుకుంటే చాలు. విమర్శ అడగడం కంటే ఇది చాలా ఉపయోగం. విమర్శ చేసేవాళ్లు మన మొహం చూసి మాట్లాడతారు, కథ తిరిగి చెప్పేవాళ్లకు ఆ మొహమాటం ఉండదు.

తర్వాత మిర్చి సీజన్ వచ్చింది. ఒక రాత్రి దుకాణం కట్టేశాక ఇంటికి పోకుండా, లుంగీ కట్టుకుని యార్డులోకి పోయాను. పగలు నా బల్లకు అవతల నిలబడే మనుషులు రాత్రి బస్తాల మీద పడుకుని ఉంటారు. పగలు అడగలేని మాటలు రాత్రి అడగొచ్చు. అందరినీ ఒకటే అడిగాను: హనుమకొండలో మీవాళ్లు ఎవరన్నా ఉన్నారా, పోయి కలుస్తారా? చదువుల కోసం పిల్లల్ని ఇక్కడ ఉంచినవాళ్లు చాలామంది. ఒకాయన వచ్చిన ప్రతిసారీ ముందు కొడుకు దగ్గరికే పోతానన్నాడు. ఇంకొకాయన అసలు వచ్చినట్టే చెప్పనన్నాడు, పైసలు అడుగుతాడని.

ఒక రైతు దగ్గర ఎక్కువసేపు కూర్చున్నాను. ఆ పొద్దు కట్టిన ధర నచ్చక అమ్మలేదట, మరునాటికి ఆగాడు. వ్యాపారులు సరుకు చూడటానికి బస్తా మూతి విప్పుతారు, పక్కన కోస్తారు, గుప్పెడు తీస్తారు, కాయ విరిచి వాసన చూస్తారు, తొడిమ చూస్తారు, మిగిలింది అక్కడే వదిలేసి పోతారు. ఆయన ఆ కింద పడ్డ కాయల్ని ఒక్కొక్కటే ఏరి తువ్వాలలో వేసుకుంటున్నాడు. విరిగినవి ఒక పక్కకు, మంచివి ఒక పక్కకు. తర్వాత దబ్బనం, పురికొస తీసి కోసిన చోట కుట్టడం మొదలుపెట్టాడు. "జర ఈ మూతి పట్టు తమ్మీ" అన్నాడు. పట్టుకున్నాను. కుడుతూనే మాట్లాడాడు.

"బిడ్డ ఈన్నే సదువుతాంది. పోయి సూసొద్దునే. గని ఈ బట్టలతోని పోతె అక్కడి పోరగాండ్లందరు దగ్గుతరు. నా బిడ్డ సిగ్గుపడది గని, నాకే ఎట్లనో ఉంటది. రేపు అమ్మినంక తానం జేసి, అంగి మార్సుకొని పోత. ఉత్త చేతులతోని కూడ పోవద్దు గదా."

ఆయన ఒక్కసారి కూడా ఆకాశం వైపు చూడలేదు. చూడటానికి తీరికే లేదు, చేతి నిండా పని ఉంది.

ఆయన బతుకును ఉన్నదున్నట్టు కథలో పెట్టలేదు. అట్లా పెట్టే హక్కు నాకు లేదనుకుంటాను. దగ్గు సంగతి రాసుకుంటానని ఆయన్నే అడిగాను, "రాసుకో, అందరికి ఉన్న ముచ్చటేనాయె" అన్నాడు. ఊరు, కుటుంబం, మిగతా వివరాలన్నీ నా సాంబయ్యవే. నాకు ఆ రాత్రి దొరికింది ఒక సమాచారం కాదు. ధర తగ్గిన మనిషి దుఃఖపడుతూ కూర్చోడని, అతని చేతులు ఏదో ఒకటి సర్దుకుంటూనే ఉంటాయని కళ్లారా చూడటం. సంపాదకుడు రాసిన ముక్కకు అర్థం అక్కడ విడిపడింది.

ఇంటికొచ్చి కథ ముట్టుకోలేదు. కథలోకి రాని పేజీలు రాశాను. కూతురు హాస్టల్ నుంచి తండ్రికి ఫోన్ చేసి ఏం మాట్లాడుతుంది, ఇంటి దగ్గర సంచిలో భార్య ఏమేం పెట్టి పంపింది, స్నానానికి అతను ఎక్కడికి పోతాడు, చేతుల మంటకు కొబ్బరినూనె ఎవరిని అడుగుతాడు. వీటిలో ఒక్క పేజీ కూడా కథలో చేరలేదు. కానీ అవి రాస్తున్నంతసేపు ఆగిపోవడం అన్న మాటే లేదు. అవి కథ కావు కాబట్టి బాగుండాలన్న బరువు లేదు. చేయి తిరిగింది.

ఆ తర్వాత పాత తక్‌పట్టీ పుస్తకాలు కొన్ని ఉంటే, వాటి వెనకవైపు ఒక్కో చీటీ మీద ఒక్కో సన్నివేశం రాశాను. సన్నివేశం మొదట్లో సాంబయ్యకు ఏం కావాలి, చివరికి ఏం మారింది. మూడు చీటీల మీద ఒకటే మాట వచ్చింది: తక్కువ కట్టారు, బాధపడ్డాడు. మూడు సన్నివేశాలు ఒకే పని చేస్తున్నాయి. కంప్యూటర్ తెర మీద అది ఎప్పుడూ కనిపించలేదు, ఎందుకంటే మూడింటిలోనూ మాటలు వేరు. చీటీలు మంచం మీద పరిచి చూస్తే ఒక్క నిమిషంలో కనిపించింది. రెండు తీసేశాను.

తీసేయాల్సినవాటిలో నాకు ప్రాణమైన పేరా ఒకటి ఉంది. తెల్లారుజామున యార్డు వర్ణన. ఎర్రదనం మీద మొదటి ఎండ, మంచులో బస్తాల మీంచి లేచే ఘాటు, ముసుగులు తీసి లేస్తున్న మనుషులు. విన్న మిత్రులందరూ మెచ్చుకున్నది. పెద్దమ్మ పాలు చూడటానికి లేచింది సరిగ్గా అక్కడే. ఆలోచిస్తే, నేను కథను ఎన్నిసార్లు మార్చబోయినా ఈ పేరా నిలబడేలా మారుస్తున్నాను. అది ఉండాలంటే కథ తెల్లారుజామున మొదలవ్వాలి, సాంబయ్య కంటే ముందు యార్డు కనిపించాలి, చెప్పే గొంతు బయటి మనిషిది కావాలి. ఒక్క పేరా కథనంతా కట్టేసి పెట్టింది. దాన్ని వేరే నోట్‌బుక్‌లో ఎక్కించి, కథలోంచి తీశాను. చెరిపేయమంటే నా వల్ల అయ్యేది కాదు. దాచుకోవడానికి ఒక చోటుంటే తీయడానికి చేయి వస్తుంది. కథను దిద్దుతూ ఆగిపోయినవాళ్లు ఎవరన్నా నన్ను అడిగితే నేను ముందు అడిగేది ఇదే: మీకు అన్నింటికంటే ఇష్టమైన పేరా ఏది, అది ఎవరి కోసం ఉంది?

ఇక తిరగరాయడం. పాత ప్రతిని బీరువాలో పెట్టి తాళం వేసి, తెల్లకాగితం మీద మొదటి వాక్యం నుంచి చేత్తో రాశాను. పాతది ఎదురుగా ఉంటే మనం రాయం, చూసి ఎక్కిస్తాం. ఎదురుగా లేకపోతే గుర్తున్నదే వస్తుంది, గుర్తు లేనిది చాలావరకు అక్కర్లేనిదే. ఒకటి రెండు మంచి మాటలు పోయాయేమో, పోనీ. రాత్రి పని కూడా మానేశాను. సీజన్లో రాత్రికి కళ్లు మంటలు, వేళ్ల సందుల్లో కారం, ఆ స్థితిలో కథ బాగలేదో ఒంట్లో బాగలేదో తేల్చుకోవడం కష్టం. పొద్దున్నే, డ్యూటీకి ముందు, చాయ్ తాగినంతసేపు. ఎక్కువ రాయాలని పెట్టుకోలేదు. ఒక సన్నివేశంలో సగం దగ్గర ఆపితే మర్నాడు ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కోనక్కర్లేదు.

సంభాషణలు వాటంతట అవే మారాయి. పాత ప్రతిలో ధర విన్నాక సాంబయ్య ఇట్లా అనేవాడు: "అయ్యా, ఈ ధరకు నేను అమ్మలేను. నా పరిస్థితి కొంచెం అర్థం చేసుకోండి." కాళోజీ తిరిగిన ఊళ్లో ఉండి, సెప్టెంబర్ 9న ఆయన పుట్టినరోజుకు తెలంగాణ భాషా దినోత్సవం సభల్లో ముందు వరసలో కూర్చునే నేను ఒక ములుగు రైతు నోట పెట్టిన మాటలవి. యాస మారిస్తే సరిపోతుందనుకుని మధ్యలో ఒకసారి దిద్దాను: "గింత తక్కువ కడితె ఎట్ల సేటు? ఏరిన కూలీలకే సాలది." ఇది ముందుదానికంటే నయం, మార్కెట్లో వినపడే మాటే. అయినా అందులో ఎవరైనా అనే మాట ఉంది, సాంబయ్య లేడు. కొత్త ప్రతిలో ధర విని అతను సేటుతో ఏమీ అనడు. పక్కనున్న హమాలీ వైపు తిరిగి "దబ్బనం ఉన్నదా అన్నా?" అంటాడు. అంతే. అమ్మడని అందరికీ అర్థమైపోతుంది. యాస సరిచేయడం వేరు, ఆ మనిషి అప్పుడు ఏ మాట ఎంచుకుంటాడో తెలియడం వేరు. మొదటిది నిఘంటువు పెట్టుకునైనా చేయొచ్చు, రెండోదానికి మనిషి పక్కన కూర్చోవాల్సిందే.

కొత్త ప్రతిని ఇద్దరు మిత్రులకు ఇచ్చాను. మళ్లీ ఆగిపోయే ప్రమాదం వచ్చింది. ఒకాయన కథకుడు, మార్కెట్లో తగ్గింపుల సంగతి ఇంకా వివరంగా రావాలన్నాడు. ఇంకొకామె టీచర్, మార్కెట్ భాగం బరువైంది, సగానికి తగ్గించమంది. ఇద్దరినీ గౌరవిస్తాను. ఇద్దరి మాటా వింటే కథ రెండు ముక్కలవుతుంది. రెండ్రోజులు మథనపడ్డాక ఇద్దరూ పెన్నుతో గీసిన చోట్లు పక్కపక్కన పెట్టి చూశాను. చెప్పిన మందులు వేరు గానీ గీత పడింది ఒకే చోట, కాంటా సన్నివేశం మీద. అక్కడ ఏదో సరిగ్గా లేదన్నది నిజం, ఏం చేయాలన్నది మాత్రం నేనే తేల్చుకోవాలి. దడ్వాయి పక్క కుప్ప తూకం గట్టిగా చెప్తుంటే సాంబయ్య ఆ అంకెల్ని హాస్టల్ ఫీజుగా మార్చుకుంటూ నిలబడినట్టు రాశాను. నిడివి పెరగలేదు, తగ్గలేదు. ఇద్దరూ సరేనన్నారు.

చివరికి సాంబయ్య సరుకు అమ్మకముందే హాస్టల్‌కు పోతాడు. నల్లా దగ్గర సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుని, పక్క బస్తాల రైతు అంగి అడిగి వేసుకుని. కూతురు గేటు దగ్గరికి వచ్చి అడిగే మొదటి మాటతో కథ అయిపోతుంది. ఆ మాట ఇక్కడ చెప్పను, చదివేవాళ్లకు అక్కడే తెలియాలి. పెద్దమ్మకు మళ్లీ చదివి వినిపించాను. ఈసారి "ఆ... సదువు" అనలేదు. ఆ పిల్లను కాసేపు తిట్టింది, తర్వాత తండ్రిని తిట్టింది.

వాక్యాల పని అప్పుడు మొదలుపెట్టాను. "ఒక్కసారిగా"లు తీశాను, నిడివి చూసుకున్నాను, అచ్చుతప్పులు సరిచేశాను. నెలల తరబడి రాత్రుళ్లు నన్ను ఏడిపించిన ఆ పని ఈసారి చాలా తొందరగా అయిపోయింది. ఏ మాట ఉండాలో, ఏది పోవాలో సాంబయ్యను బట్టి తెలిసిపోతోంది. మళ్లీ ఆ సంపాదకుడికే పంపాను. ఆయన వేసుకున్నారు, రెండు కామాలు మాత్రం మార్చి.

ఇప్పుడు ఒక ముసలి దడ్వాయి మీద కథ రాస్తున్నాను. మొదటి ప్రతి అయింది, మధ్యలో ఒకచోట ఆగింది. ఆగిన చోట ఏం రాసి ఉందా అని చూశాను: "ఆయన దీర్ఘంగా నిట్టూర్చాడు" అని ఉంది. దాని కింద ఎర్రపెన్నుతో గీత గీసి, పక్కన ప్రశ్న రాసుకున్నాను: ఎలక్ట్రానిక్ కాంటా వచ్చిన మొదటి రోజు ఈయన తన పాత కాంటా రాళ్లను ఏం చేశాడు? మా మార్కెట్లో ఆ రోజులు చూసిన దడ్వాయి ఒకాయన ఇంకా పనికి వస్తున్నాడు. శని, ఆదివారాలు మార్కెట్ బంద్. సోమవారం పొద్దున కాంటాలు మొదలుకాకముందే పోయి అడగాలి.